మన ఊళ్ళో ఆగని రైలు

తిరువొత్తియూరులో పట్టాల పక్కన పెరిగిన వాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మన స్టేషన్‌లో ఆగేవి యూనిట్ బండ్లే. గుమ్మిడిపూండి పోయేవి, సూళ్ళూరుపేట పోయేవి, సెంట్రల్‌కి పోయేవి. పెద్ద బండ్లు ఆగవు. ఢిల్లీ పోయేదైనా, కలకత్తా పోయేదైనా, కాశీ పోయేదైనా మన ఊరి మీదుగానే పోవాలి. కానీ హారన్ కొట్టుకుంటా, ప్లాట్‌ఫాం మీద దుమ్ము లేపుకుంటా వెళ్ళిపోతాయి.

మా నాన్నకి ఆ బండ్లన్నీ పేరుపేరునా తెలుసు. మిల్లులో వీవింగ్ డిపార్ట్‌మెంటులో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. లూముల మోతకి చెవులు సగం పోయినాయి. బండి వచ్చే చప్పుడు ఆయనకి వినపడేది కాదు, అరుగు అదిరితే కాళ్ళకి తెలిసేది. "అదిగో గంగా కావేరి, కాశీకి పోతా ఉంది" అనేవాడు. మేము తల తిప్పి చూసేలోపల ఆఖరి పెట్టె కూడా దాటిపోయేది.

నాన్న ఆ బండి ఎక్కలేదు. ఆయన ఎక్కిన రైలు ఎప్పుడూ నాయుడుపేట వరకే. పెళ్ళికో, చావుకో, పొలం తగాదాకో. చూడటానికని ఒక ఊరు పోవడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

సెలవులు లేవని కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పని చేసిన మనిషికి, చేసిన ప్రతి 20 రోజులకీ ఒక రోజు చొప్పున మరుసటి ఏడాది జీతంతో సెలవు రావాల్సి ఉండేది. అంటే తక్కువలో తక్కువ పన్నెండు రోజులు. నాన్నకీ వచ్చేవి. కానీ ఏటా ఆ రోజుల్లోనూ పనికి పోయి, సెలవు జీతం విడిగా తీసుకునేవాడు. బడి ఫీజులకి, దీపావళి బట్టలకి, అమ్మ మందులకి సరిపోయేది. సెలవులు అమ్ముకోవడం అనేది మన ఇళ్ళల్లో కొత్త కాదు గదా.

ఆ సెలవు జీతంలోంచే ఒక పాల పొడి డబ్బాలో ఇంత అని వేసేవాడు. దాన్ని కాశీ డబ్బా అనేవాళ్ళం. అది మూడుసార్లు తెరిచాం. మొదటిసారి సమ్మె నాళ్ళలో. రెండోసారి నా పెళ్ళికి. మూడోసారి మిల్లు మూసేసినప్పుడు. ఆ తర్వాత డబ్బాలో వెయ్యడానికి ఏమీ లేదు. అందులో అమ్మ మినప్పప్పు పోసుకుంది. నాన్న పోయి ఎనిమిదేళ్ళయింది.

రెండేళ్ళ కిందట అమ్మ మా వీధి ఆడవాళ్ళ చీటీలో చేరింది. నెలకి వెయ్యి, ఇరవై ఐదు నెలలు. మధ్యలో పాడకుండా ఆఖరిదాకా ఉండి మొత్తం ఎత్తుకుంది. అప్పుడు చెప్పింది, కాశీకి పోతానని. అమ్మకి డెబ్భై ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పి.

అన్నయ్య వద్దన్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు, ఆయన లెక్క ఆయనకుంది. "ఆ డబ్బుతో వెస్టర్న్ టాయిలెట్ పెట్టించి, జారకుండా టైల్స్ వేయిస్తే నీ మోకాళ్ళకి మేలు గదమ్మా. పది రోజులు తిరిగొస్తే ఏం మిగుల్తుంది?" అన్నాడు.

"టైల్స్ నువ్వు వేయించు. కాశీకి నేను పోతా" అంది అమ్మ. అంతటితో ఆ మాట అయిపోయింది.

మా వీధిలో తెలుగు పంతులుగా రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కాశీకి పోతున్నామని తెలిసి ఒక పాత పుస్తకం ఇచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. "చదువమ్మా, మీ పక్క పేట ఆయనే" అన్నారు.

పక్క పేట అంటే తండయారుపేట. మన మెట్రోలో కొన్ని స్టేషన్ల దూరం. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటరు. కోర్టులో సెలవు తీసుకుని, 1830 మే 18న తండయారుపేట తోట నుంచి బయల్దేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. గంగ మీద పడవలో పోయి, గయ, కలకత్తా చూసుకుని, జగన్నాథం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలు పైన పట్టింది. అప్పటికి మన దేశంలో రైలనేదే లేదు. దారిలో చూసినవి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై గారికి రాసి పంపేవారు. ఆయన 1836లో పోయాక, 1838లో పిళ్ళై గారు వాటిని పుస్తకంగా అచ్చు వేయించారు. తెలుగులో యాత్రల పుస్తకాలకి అదే మొదటిదని చెప్తారు.

రోజూ రాత్రి అన్నాలయ్యాక అమ్మకి నాలుగు పేజీలు చదివి వినిపించేదాన్ని. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలు, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి చోటుంది, అన్నీ రాశారు. తర్వాత పోయేవాళ్ళకి పనికొస్తుందని రాసినట్టే ఉంటుంది. ఆయన వెంట దాదాపు వంద మంది పోయినారు. ఆయన పల్లకీలో పోయినారు.

అది విన్నప్పుడు అమ్మ, "మోసినవాళ్ళు ఏం తిన్నారో రాశాడా?" అని అడిగింది.

బోయీల మాట పుస్తకంలో అక్కడక్కడా వస్తుంది. కానీ దారి వాళ్ళ కళ్ళకి ఎట్లా కనపడిందో మనకి తెలియదు. నాగపూరు ఎండలో వాళ్ళ కాళ్ళు ఎట్లా ఉన్నాయో, గంగని చూసి ఏమనుకున్నారో, ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు పదిహేను నెలలు ఎట్లా గడిపారో తెలియదు. కాశీ వాళ్ళూ చూశారు. మొత్తం దేశం నడిచి చూశారు. అయితే వాళ్ళది సెలవు కాదు, పని.

మా ఆయనకి ఈ మాట బాగా తగిలింది. ఆయన లారీ డ్రైవరు. హార్బరు నుంచి సరుకు ఎత్తుకుని నాగపూరు పోయినాడు, కలకత్తా పోయినాడు, కాన్పూరు పోయినాడు. "నేను చూసినవి గోడౌన్లు, చెక్‌పోస్టులు, డాబాలు. ఊళ్ళు చూళ్ళేదు" అన్నాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి స్టీరింగు లేకుండా పోదాం అని ఆయనే టికెట్ల పని మీద వేసుకున్నాడు.

నేను ఎక్స్‌పోర్ట్ బట్టల కంపెనీలో టైలర్ని. పది రోజుల సెలవు అడిగితే సూపర్‌వైజరు, "ఎవురు పోయినారు మీ ఇంట్లో?" అన్నాడు. ఎవరూ పోలేదు, చూడటానికి పోతున్నాం అని చెప్పాను. కాసేపు నా మొహం చూసి సంతకం పెట్టాడు. నా హక్కు నేను అడిగినా, దొంగతనం చేసినట్టు చెమట పట్టింది. ఇది మనలో చాలామందికి తెలిసిన చెమటే.

ఫిబ్రవరి ఆఖరి వారం బయల్దేరాం. అమ్మ, నేను, మా ఆయన, కాలేజీలో చదివే మేనల్లుడు. అన్నయ్య వద్దన్నా కొడుకుని మాత్రం, నాయనమ్మ సామాను మొయ్యమని పంపించాడు. ముందురోజు వడివుడైయమ్మన్ గుళ్ళో దీపం పెట్టి వచ్చాం. దారికి పులిహోర, ఇడ్లీలకి రెండు వైపులా పొడి పట్టించి నూనె రాసి, మూడో పూటకి చపాతీలు, చింతకాయ పచ్చడి, ఒక సంచి మరమరాలు.

సాయంత్రం సెంట్రల్‌లో గంగా కావేరి ఎక్కాం. బేసిన్ బ్రిడ్జి దాటింది, కొరుక్కుపేట దాటింది, తండయారుపేట దాటింది. అమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని కూర్చుంది. మన స్టేషన్ రానే వచ్చింది. అన్నయ్య ప్లాట్‌ఫాం చివర నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. వస్తానని చెప్పలేదు. అమ్మ చూసిందో లేదో అని నేను తిరిగేలోపల వింకో నగర్ కూడా పోయింది. "చొక్కా గుండీ పెట్టుకోలేదు వాడు" అంది అమ్మ. చూసిందన్న మాట.

నెల్లూరు, బెజవాడ, వరంగల్లు చీకట్లో పోయినాయి. తెల్లవారేసరికి బల్లార్షా. అక్కడి నుంచి నాగపూరు దాకా విదర్భ నేల. నల్ల మట్టి, పొట్టి పత్తి మొక్కలు. ఏరడం అయిపోయి మోళ్ళు మిగిలాయి, అక్కడక్కడా చివరి దూది తెల్లగా అంటుకుని ఉంది. హింగన్‌ఘాట్ దగ్గర పత్తి నింపిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. మిల్లులో వైండింగ్ చేసిన అమ్మ ఇరవై ఏళ్ళు ఆ నూలుతోనే బతికింది. కానీ పత్తి చేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "ఇది బేలుగా వచ్చేది మనకి. ఇట్లా మొక్కకి ఉంటే ఎంత నెమ్మదిగా ఉందో" అంది.

నాగపూరు దాటాక నేల లేచింది. సాత్పురా కొండలు. బండి మెలికలు తిరుగుతా సొరంగాల్లో దూరుతుంది, బయటికొస్తుంది. టేకు చెట్లన్నీ ఆకులు రాల్చి గడకర్రల్లా ఉన్నాయి. ఆ ఎండు అడవిలో మోదుగ చెట్లు మాత్రం నిప్పు అంటుకున్నట్టు పూసినాయి. వీరాస్వామయ్య గారి మనుషులు ఇట్లాంటి అడవులు, కొండలు కాళ్ళతో ఎక్కి దాటారు. మేము మరమరాలు తింటా దాటాం.

ఇటార్సీ తర్వాత నర్మద లోయ. కళ్ళు తెరిచినంత దూరం గోధుమ పైరు. పచ్చదనం పోయి పసుపు రంగు తిరుగుతున్న పైరు మీద సాయంత్రపు ఎండ పడుతుంది. మన వైపు ఉప్పు కయ్యలు, బూడిద చెరువులు, ఎన్నూరు పొగగొట్టాలు చూసిన కళ్ళకి అంత నేల ఖాళీగా, పొగ లేకుండా ఉండటం ఆశ్చర్యంగా ఉంది. మేనల్లుడు ఫోన్ పక్కన పెట్టేసి తలుపు దగ్గర కూర్చున్నాడు. ఒక్క పగలులో మూడు రకాల నేల, మూడు రకాల తలపాగాలు, నాలుగు రకాల టీ చూశాం. దేశం పెద్దదని బళ్ళో చదివినాం గానీ, పెద్దదంటే ఏందో ఆ కిటికీ దగ్గర తెలిసింది.

మర్నాడు పొద్దున కాశీ. మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీ రామతారక ఆంధ్రాశ్రమంలో దిగాం. తెలుగు వాళ్ళకి బాగా తెలిసిన చోటు. గది అద్దె తక్కువ, అన్నం మన అన్నం. మొదటిరోజు అమ్మని మెట్లు దింపడానికే అరగంట పట్టింది. కాశీలో గంగ ఉత్తరంగా పారుతుంది, ఘాట్లన్నీ తూర్పు ముఖం. అందుకే పొద్దున్నే సూర్యుడు ఎదురుగా నీళ్ళల్లోంచి లేచినట్టుంటాడు. పడవ ఎక్కి ఆ పొద్దు చూడండి, ఆ ఖర్చు మాత్రం తగ్గించుకోవద్దు. విశ్వనాథుడి గుడి దగ్గర 2021లో కట్టిన కారిడార్ వల్ల నడక సులువైంది. వీల్‌చైర్ కూడా అడిగితే దొరికింది.

నేను చెప్పదలుచుకున్నది గుడి సంగతి కాదు, అది మీకు చాలామంది చెప్తారు. మూడో రోజు సంగతి చెప్తాను.

ఆశ్రమం దగ్గర్లోనే మదన్‌పురా అని నేతగాళ్ళ పేట ఉంది. బనారస్ చీరలు నేసే అన్సారీల ఇళ్ళు. చీర కొనేంత డబ్బు మా దగ్గర లేదు, ఊరికే సందులు చూసుకుంటా పోతున్నాం. ఒక ఇంటి ముందు అమ్మ ఆగిపోయింది. మోకాలు పట్టేసిందేమో అనుకున్నాను. కాదు. లోపల నుంచి పవర్‌లూమ్‌ల చప్పుడు వస్తా ఉంది. మిల్లు మూసినాక అమ్మ ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. కాసేపటికి, "ఒక మగ్గం సరిగ్గా కొట్టడం లేదు, ఎడంపక్క ఏదో వదులైంది" అంది. మా ఆయనకి లారీ హిందీ వచ్చు. గడప దగ్గర కూర్చున్న పెద్దాయనకి ఆ మాట చెప్పాడు. పెద్దాయన నవ్వి, "పొద్దున్నించీ మా వాడికి అదే చెప్తున్నా" అని లోపలికి రమ్మన్నాడు.

చిన్న గది. నాలుగు లూములు, పైన జకార్డు, చిల్లుల అట్టలు గొలుసుగా దిగుతా ఉన్నాయి. జరీ పోగు మెరుస్తా ఉంది. పని చేసే వాళ్ళు ఒకరి పెదాలు ఒకరు చూస్తా, చేతులు ఆడిస్తా మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లో నాన్నతో మేము మాట్లాడిన పద్ధతే అది. అమ్మ ఆ పెద్దాయనతో తెలుగులో గట్టిగా అరిచి మాట్లాడింది, ఆయన హిందీలో గట్టిగా అరిచి మాట్లాడాడు. మధ్యలో మా ఆయన అవసరమే రాలేదు. పడుగు, పేక, తెగిన పోగు, చేతివేళ్ళు. ఆయన ఇద్దరు కొడుకులు సూరత్ పోయినారంట. ఇక్కడ కూలి గిట్టడం లేదంట. ఆ మాట మాత్రం మా ఆయన చెప్పాల్సి వచ్చింది. విని అమ్మ, "అన్ని చోట్లా ఇదే" అని ఆయన తెచ్చిన టీ తాగింది.

ఆ సాయంత్రం ఘాట్ మెట్ల మీద పక్కన కూర్చున్న గుంటూరు వైపు ఆమె, "కాశీకొచ్చినాక ఏదో ఒకటి వదిలిపెట్టాలి గదా, మీరేం వదిలారండీ?" అని అమ్మని అడిగింది. ఆమె వంకాయ, జామకాయ వదిలిందంట.

అమ్మ కొంగు ముడి విప్పింది. అందులో నాన్న మిల్లు టోకెన్ బిళ్ళ ఉంది, ఇత్తడిది. అది తెచ్చిన సంగతి నాకే తెలియదు. గంగలో వేద్దామని తెచ్చిందంట. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ ముడి వేసుకుంది.

"మేము వదిలేసినవి చాలు తల్లీ. ఇంక ఏదీ వదలను" అంది.

ఆమె ఏమనుకుందో తెలియదు. ఆ రాత్రి ఆశ్రమంలో అమ్మ రెండోసారి పప్పు వేయించుకుని తినింది.

అయిదో రోజు సాయంత్రం హౌరా రైలెక్కాం. కాశీ దాటగానే 1887లో కట్టిన పాత వంతెన వస్తుంది. దాని మీద నుంచి ఘాట్లన్నీ నెలవంక మాదిరి ఒక్కసారిగా కనపడతాయి. కాశీ చూడాలంటే కాశీని వదిలి వచ్చేటప్పుడే బాగా కనపడుతుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. గయలో దిగడం ఈసారి కుదరలేదు.

కలకత్తాలో ఒకటిన్నర రోజు. 1943లో తెరిచిన హౌరా వంతెన కింద నిలబడి మా ఆయన, నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతోనే బిగించారని మేనల్లుడికి చూపించాడు. అదే వంతెన మీద ఎన్నోసార్లు లారీ తోలినాడు, తల ఎత్తి చూడటానికి అప్పుడు కుదరలేదంట. హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ లాంటి చోట్ల జూట్ మిల్లులకి ఒకప్పుడు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్ళు గుంపులు గుంపులుగా పోయినారు. వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇప్పటికీ అక్కడున్నారు. మనం మద్రాసు మిల్లులకి వచ్చాం, వాళ్ళు కలకత్తా మిల్లులకి పోయినారు. ఆ రోజుల్లో తెలుగువాడికి దూరప్రయాణమంటే మిల్లు గేటు దాకానే.

తిరుగు ప్రయాణం హౌరా పక్కనే ఉన్న షాలిమార్ నుంచి కోరమండల్‌లో. ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫాం మీద తెలుగు వినపడింది. అక్కడి రైల్వే పనికి పోయి స్థిరపడిన మనవాళ్ళు చాలామందే. ఆ ఊరి ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది, కిలోమీటరు పైన ఉంటుంది.

చీకటి పడేవేళ బాలాసోర్ జిల్లా. బహనాగా బజార్ స్టేషన్ వచ్చేముందు పెట్టెలో మాటలు తగ్గినాయి. 2023 జూన్ 2న ఇదే కోరమండల్ అక్కడ పడిపోయింది. 290 మందికి పైగా పోయినారు. జనరల్ పెట్టెల్లో పని కోసం మన వైపు వస్తున్న పిల్లకాయలు ఎంతోమంది. అమ్మ చేతులు జోడించింది. మా ముందు పెట్టెల్లో ఆ రోజు కూడా అట్లాంటి పిల్లకాయలే, నిలబడను చోటు లేకుండా ఉన్నారు.

పొద్దున రాజమండ్రి దగ్గర గోదావరి. నాన్న పేరు చెప్పి అమ్మ ఒక రూపాయి వేసింది. మధ్యాహ్నం దాటాక నెల్లూరు, పెన్న ఇసక. సూళ్ళూరుపేట, గుమ్మిడిపూండి, పొన్నేరి. ఎన్నూరు పొగగొట్టాలు కనపడగానే మేనల్లుడు, "వచ్చేశాం నాయనమ్మా" అన్నాడు. మన స్టేషన్ రెప్పపాటులో దాటింది. ఇల్లు అరకిలోమీటరు దూరంలో పెట్టుకుని, దిగలేక సెంట్రల్ దాకా పోయి, మళ్ళీ యూనిట్ బండి ఎక్కి వెనక్కి రావాలి. వీరాస్వామయ్య గారు నెల్లూరు దారిన వచ్చి సూటిగా ఇంట్లో దిగారు, ఆ ఒక్క సుఖం మనకి లేదు.

ఆ యూనిట్ బండిలో మాతో పాటు కోరమండల్‌లో వచ్చిన ఒడిశా పిల్లకాయలు నలుగురు ఎక్కారు. ఒక్కొక్కడికీ ఒక బ్యాగు, ఒక బకెట్టు. గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పనికి పోతున్నారంట. అందరికంటే చిన్నవాడికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. రెండు రోజులు సరిగ్గా తిన్నట్టు లేడు. అమ్మ మిగిలిన మరమరాల సంచి వాడి ఒళ్ళో పెట్టి, "మీ ఊళ్ళో రైలు ఆగుతుందా నాయనా?" అని అడిగించింది.

ఆగదన్నాడు. పది కిలోమీటర్లు నడిచి వచ్చి ఎక్కుతారంట.

"సెలవు పెట్టు. డబ్బులు కూడినాక, పనికి కాకుండా ఒకసారి ఊరికే ఎక్కు. చూడను పో" అని చెప్పమంది అమ్మ. మా ఆయన చెప్పాడు. వాడు నవ్వాడు. సూపర్‌వైజరు నన్ను చూసినట్టే చూశాడు, పాపం, తప్పు వాడిది కాదు.

తిరువొత్తియూరులో దిగితే అన్నయ్య స్టేషన్‌లో ఉన్నాడు. సంచి అందుకుని, "ఏమ్మా, మోకాళ్ళు?" అన్నాడు. "నొప్పే. టైల్స్ వేయించు" అంది అమ్మ.

ఇప్పుడు లెక్క చెప్తాను, అడుగుతున్నారు కాబట్టి. నలుగురికి మూడు బండ్ల స్లీపర్ టికెట్లు ఎనిమిది వేల చిల్లర. గదులు, తిండి, పడవ, ఆటోలు, కలకత్తా ఖర్చు, పూజలు కలిపి పద్నాలుగు వేలు. చీటీ డబ్బులో ఇంకా రెండున్నర వేలు మిగిలింది. టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దునే కొనండి. 45 దాటిన ఆడవాళ్ళకి, పెద్దవాళ్ళకి కింది బెర్తు కోటా ఉంది, అడగండి. పెద్దవాళ్ళకి ఉండిన టికెట్ తగ్గింపు 2020 మార్చిలో తీసేశారు, అది తిరిగి రావాలని మన సంఘాలు కూడా అడగాలి. వేసవిలో వద్దు, మాఘం ఫాల్గుణాలు మంచివి.

అన్నింటికంటే ముందు, మీ ఇంట్లో పని చేసే మనిషికి ఏడాదికి ఎన్ని రోజుల సెలవు రావాలో లెక్క వేయండి. వాటిలో కొన్నయినా అమ్మకుండా ఉంచండి. కాశీయే అక్కర్లేదు, కన్యాకుమారి పోండి, అరకు పోండి. వచ్చి ఈ పత్రికకి రాయండి. పల్లకీ మోసినవాళ్ళు ఏం చూశారో మనకి తెలియకుండా పోయింది. మనం చూసింది మన మనవళ్ళకి తెలియాలి.

నాన్న టోకెన్ బిళ్ళ ఇప్పుడు పాల పొడి డబ్బాలో ఉంది. మినప్పప్పు వేరే డబ్బాలోకి మారింది. బిళ్ళతో పాటు అమ్మ అందులో మిగిలిన రెండున్నర వేలూ వేసింది. ఈసారి గయ అంట.